మచ్చల ఆకు దగ్గర కోత

ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో. ఈ మధ్య నా బుర్ర అలాగే ఉంది. తీగ సంగతి మాత్రం మరిచిపోలేదు.

కళ్ళజోళ్ళ దుకాణంలో కిటికీ పక్క బల్ల, వచ్చినవాళ్ళకి జోళ్ళు బిగించే మచ్చలమ్మది. రోజూ రాగానే మనీప్లాంటు కుండీలో వేలు గుచ్చి చూసేది. మన్ను పొడిగా తగిలితేనే నీళ్ళు. తర్వాత తెలుపూ పచ్చా కలిసిన ఆ ఆకుల్ని, అద్దాలు తుడిచే గుడ్డతోనే తుడిచేది. ఆకుమీద కొత్త తెల్లమచ్చ వస్తే ఆమె ఒంటిమీదా వచ్చేది. వీధిలో అందరికీ తెలిసిందే. "ఈ వారం ఏ ఆకు విచ్చుకుందే?" అంటూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమె మోచెయ్యి చూసి వెళ్ళేవారు.

కొత్త యజమానికి మాత్రం గిట్టలేదు.

"ఆ చేతులు మొహం దాకా వస్తే జనం జంకుతారమ్మా. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదియ్యి."

"ఎవరు జంకారండీ?"

"జంకేదాకా ఆగాలా?"

వెనక గదికి కిటికీ లేదు. కుండీని చంకనెత్తుకుని వెళ్ళింది. వెలుతురు చాలక తీగ తెలుపు మానేసింది. కొత్త ఆకు ప్రతిదీ పచ్చగానే పుట్టింది. తీగ సాగేకొద్దీ ఆమె చేతులమీద మచ్చలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

వాళ్ళక్క సంబరపడిపోయింది. "నీ పంట పండిందే! ఆ కుండీని చీకట్లోంచి కదిలించావో, చూడు!"

యజమానీ మెత్తబడ్డాడు. "సోమవారం నుంచి కిటికీ దగ్గరికి రా. కుండీ మాత్రం లోపలే."

సోమవారం ఆమె కుండీతోనే వచ్చింది. పచ్చతీగ మూరెడు పొడవుంది, నిగనిగలాడుతూ. ఉండనిస్తే కుండీ అంతా అదే ఆక్రమిస్తుంది. దీన్ని పెంచడం తెలిసినవాళ్ళు చేసే పని ఒకటే. చివరి మచ్చల ఆకు దాకా వెనక్కి వచ్చి, కణుపు పైన కత్తెర పెట్టింది. అక్కణ్ణుంచి వచ్చే చిగురుకి మళ్ళీ మచ్చలుంటాయి.

"మతిపోయిందా? బంగారంలాంటి చేతులు పాడుచేసుకుంటావా?" అని అరిచాడు యజమాని.

"ఇవి నావి కావండీ. నావి తెచ్చుకుంటున్నాను."

కసుక్కున కోసింది. కోసిన తీగని నీళ్ళసీసాలో వేసి అతని బల్లమీద పెట్టింది. "మీకు ఒకే రంగు ముద్దు కదా, మీరు పెంచుకోండి."

"లోపలికైనా పో, ఇంటికైనా పో!"

"ఇక్కడే కూర్చుంటాను. మీరు ఒక్కరికి జోడు బిగించండి, చూస్తాను."

అప్పుడే వచ్చిన సుద్దముక్క మేష్టారికి అతనే బిగించబోయాడు.

"అబ్బా! చెవి తెగిందయ్యా! అది కళ్ళజోడా, పట్టకారా? మచ్చలమ్మా, నువ్వు రా తల్లీ."

ఆమె వెళ్ళింది. ఆయన వెనక ఇంకో నలుగురు ఆమె బల్ల ముందే నిలబడ్డారు. యజమాని పక్కకి తప్పుకున్నాడు.

పదో రోజున కొత్త ఆకు విచ్చుకుంది, సగం తెలుపు. ఒక పసిపిల్ల ముక్కుమీద జోడు సర్దుతున్న ఆమె బొటనవేలు అందరి ముందూ తెల్లబడింది. పిల్ల కదల్లేదు, తల్లి జంకలేదు. యజమాని తన బల్లమీది తీగసీసాలో నీళ్ళు మార్చుకుంటున్నాడు.

చెల్లీ, ఇందులో పేర్లు ఓసారి సరిచూడు. ఆయన సుద్దముక్క మేష్టారో, బెత్తం మేష్టారో నాకు అనుమానమే. మచ్చలమ్మ పేరు మాత్రం దిద్దకు. అలాగే రాయమని ఆవిడే అడిగింది.