బ్యాగు తెరిచే ఆట

నౌసోరి ఊరి కిండీలో, అదే పసిపిల్లల బడిలో, ఇంటికెళ్ళే వేళ పిల్లలకి చెప్పులు తొడిగేసరికి అక్కడ పనిచేసే కాంతకి తలప్రాణం తోకకొచ్చేది. ఆ రోజు చెప్పుల మధ్యే చతికిలబడి వాళ్ళ ఆట చూసింది. సైనికులు ప్రభుత్వాన్ని పడగొట్టి, దారుల్లో జనాన్ని ఆపి బ్యాగులు వెతికిన ఏడాది అది. వీధిలో పెద్దవాళ్ళు నోరు విప్పడం మానేశారు. శనివారాలు తను రాజధాని సువాకి వెళ్ళే టీచర్ల శిక్షణ క్లాసులో టీచరమ్మ ఓ మాట చెప్పింది: "పెద్దలు మాట్లాడని చోట పిల్లల ఆట చూడండి. భయం ఎక్కడ నేర్చుకుంటారో తెలుస్తుంది."

ఇంట్లో ఆ మాటంటే భర్త యోగేంద్ర నవ్వాడు. "పిల్లలాటలు చూడ్డానికి బస్సెక్కి సువా పోవాలా?"

సత్యేంద్ర అనే బుడతడు కర్రని తుపాకీలా భుజానికెత్తి, దారికి అడ్డంగా బెంచీ లాగాడు. "రుకో! బ్యాగ్ ఖోలో!" ఆగి బ్యాగు తెరవాలట. ఒక పిల్ల ఏడ్చింది. ఒకడు తిట్టి పారిపోయాడు. అంతలో కాంత కూతురు విమ్లా వచ్చింది. సత్యేంద్ర ఇంకా నోరే తెరవలేదు. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, లంచ్ బ్యాగు తెరిచి, డబ్బా, చెంచా, రుమాలు వరసగా పేర్చి, తల దించుకుని నవ్వింది. వాడే బిత్తరపోయాడు. "నేనింకా అడగలే!"

కాంత కూతురి దగ్గరికి జరిగింది. "సోల్జర్లని చూసి నేర్చుకున్నావా, అమ్మా?"

"నై, మమ్మీ. నిన్ను చూసే. డాడీ అడక్కముందే నువ్వట్లా పెడతావ్ కదా. అప్పుడు డాడీ అరవడు."

అయ్యో, ఎంత మాట! సైన్యం నిన్నగాక మొన్న వచ్చింది, కాంత బ్యాగు తనిఖీ మాత్రం పెళ్ళైన కొత్తలోనే మొదలైంది. రుమాలు, బస్సు టికెట్, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, ఇంతకన్నా ఏముంటుంది పాపం! మొదటిసారి మొహం ముడుచుకుంటే అత్త మంగమ్మ అంది కదా, "దాచేదేం లేనప్పుడు చూపిస్తే నీ సొమ్మేం పోయిందే?" తండ్రి కారు చప్పుడు వినగానే రేడియో కట్టేసి గోడవారన కూర్చోవడం మనవరాలికి నేర్పిందీ ఆవిడే. మొక్కై వంగనిది మానై వంగునా, అనేది. నిజమే, మొక్క చక్కగా వంగింది. దానికి నీళ్ళు పోసింది మాత్రం తనే. కాంతకి సిగ్గేసింది, దాని వెనకే ఒళ్ళు మండింది.

సాయంత్రం యోగేంద్ర మత్తెక్కించే యంగోనా కషాయం గిన్నె ముందు కూర్చున్నాడు. "బ్యాగ్ ఏదీ?"

విమ్లా ఒక్క పరుగున అమ్మ బ్యాగు తెచ్చి జిప్పు లాగబోయింది. కాంత పిల్ల చేతిలోంచి బ్యాగు తీసుకుంది.

"తెరవను."

"క్యా బోలా? ఏమన్నావ్?" యోగేంద్ర గిన్నె మీంచి తలెత్తాడు.

"అందులో ఏముందే?" మంగమ్మ కంగారుగా లేచింది.

"ఏమీ లేదత్తా."

"మరి తెరిచి చూపించు, గొడవుండదు."

"ఏమీ లేదు. అయినా తెరవను."

యోగేంద్ర లేచాడు. గిన్నె ఒరిగి చాప తడిసింది. కాంతకి భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా బ్యాగు చంకలోనే ఉంచుకుంది.

గోడవారకి చేరి కూర్చున్న విమ్లా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత తన లంచ్ బ్యాగుని మెల్లగా వీపు వెనక్కి పెట్టుకుంది.