సాంబారు బండికి గాలిసంచులు

పోలరాజు చేతిలో పడ్డ బండి ఏదీ పుట్టినప్పటి రూపంలో మిగలదు. ఉత్తరాది ఉక్కు ఊళ్ళో, జుగ్సలాయి పేటలో రేకుల షెడ్డు పెట్టుకున్న ఈ మెకానిక్ ఓ పాత జీపును వెనక సగానికి కోసేసి, ఇనప తొట్టి బిగించి, ఇదే పికప్ అన్నాడు. తెలుగువాళ్ళుండే భాలుబాసా పేట జనం దానికి వేరే పేర్లు పెట్టారు గానీ అవి ఆడపిల్లల ముందు అనేవి కావు.

ఆ బండి మీదే అతని భార్య జగదాంబ సాంబారు వ్యాపారం నడవాలి. వెనక చక్రాల మీది కమాను పట్టీలు ఎంత బిరుసంటే, గుంత వచ్చినప్పుడల్లా గంగాళంలోని సాంబారు ఎగిరి రోడ్డుకు నైవేద్యమయ్యేది. ఇప్పుడేమో కాంట్రాక్టరు సీతారామరావు తన వర్క్‌షాపు మనుషులకు రోజూ భోజనం పంపే పని ఆవిడకు ఇస్తానన్నాడు. ఒకటే షరతు. విశ్వకర్మ పూజనాటి విందుకు సాంబారు ఒలకకుండా రావాలి, లేదంటే ఆ పని ఇంకొకరికి పోతుంది. జగదాంబకు అదే ధ్యాస, నిద్రలో కూడా పోపు పెడుతోంది.

"కమాన్లు పీకేత్తన్నాను. గాలి మీద నడిపిత్తాను సూడు నీ గంగాళాన్ని," అన్నాడు పోలరాజు.

"నీ మాటలన్నీ గాలి మీదే కదేటి నడుత్తన్నాయి," అంది జగదాంబ.

కబాడీ పాతసామాన్ల కొట్లో ఏదో విదేశీ బస్సు కింద నుంచి ఊడదీసిన, గాలితో బరువు మోసే రెండు రబ్బరు సంచులు దొరికాయి. షెడ్డు నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, చెరిపి, మళ్ళీ గీసి, వెనక ఇరుసుకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి బిగించాడు. రెండింటినీ కలుపుతూ ఒకే రబ్బరు పైపు వేశాడు. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఒకడికి ఎక్కువా ఒకడికి తక్కువా పెడితే కొంప కొల్లేరవుతుంది కదా, గాలి కూడా ఇద్దరికీ సమానంగా అందాలన్నది అతని సిద్ధాంతం. గాలి కొట్టి, నిలబెట్టిన బండి తొట్టిలో నిండుగ్లాసు నీళ్ళు పెట్టి, వెనకెక్కి ఎగిరి మరీ చూశాడు. చుక్క తొణకలేదు. అంతటితో పరీక్ష అయిపోయిందనుకున్నాడు మహానుభావుడు.

పూజనాడు ఊళ్ళో ప్రతి పానాకూ స్నానమే, ప్రతి సుత్తికీ బొట్టే. ఆ రోజు ఔజార్లు, అంటే పనిముట్లు, ముట్టుకుంటే ఏడాదంతా చేతిలో పని నిలవదని కార్ఖానా మనుషుల గట్టి నమ్మకం. పోలరాజు తన పానాలన్నిటికీ దండ వేసి, దణ్ణం పెట్టి, కొత్త చొక్కా తొడుక్కుని గంగాళం ఎక్కించాడు.

భాలుబాసాలో బండి ఉయ్యాలలా సాగింది. జగదాంబ ముఖం కూడా కొంచెం వెలిగింది. సాక్చి గోల్‌చక్కర్ దగ్గర గుండ్రటి మలుపు తిప్పగానే బరువంతా ఎడమపక్కకు ఒరిగింది. ఎడమ సంచిలోని గాలి పైపులోంచి కుడి సంచిలోకి పారిపోయింది. బండి తాగుబోతులా ఒక పక్కకు వాలి, అలాగే ఉండిపోయింది. గంగాళం మూతికి కట్టిన గుడ్డ తడిసి సాంబారు అంచుకొచ్చింది.

"ఆపు! ఆపెయ్యి!" అని అరిచింది జగదాంబ.

పోలరాజు కిందకు దూరి చూసి నాలుక్కరుచుకున్నాడు. "పైపు తప్పయిపోనాది. మధ్యలో మూసేత్తే ఎవలి గాలి ఆళ్ళకాడే ఉంటాది."

"మరి మూసెయ్యి!"

"పానా కావాలే. ఇయ్యాల ఔజారు ముట్టకూడదు కదేటి. దేవుడి పానాలవి."

జగదాంబకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారకుండా లేచి పప్పు ఉడకబెట్టిన మనిషి ఆవిడ. "నీ పానాలకి సెలవు. నా గరిటెలకి ఎవుడిచ్చాడయ్యా సెలవు? ఆటికి బొట్టెట్టినోడెవుడు?" అంటూ వేడి గిన్నెలు దించే పట్టకారు తీసి అతని చేతిలో కొట్టినట్టు పెట్టింది. "ఇది ఔజారు కాదు కదా నీ లెక్కలో. నొక్కు దీంతోటి!"

పోలరాజు రిక్షావాళ్ళను పిలిచి వాలిన పక్కను పైకెత్తించి, బండి సమంగా నిలవగానే పట్టకారుతో పైపును నడుమ పట్టి నొక్కాడు. జగదాంబ గుడ్డపేలిక చింపి ఇస్తే దాని కాళ్ళు బిగించి కట్టాడు. తర్వాతి మలుపులో బండి కొంచెం ఊగి, మళ్ళీ బుద్ధిగా నిలబడింది.

వర్క్‌షాపులో మూతిగుడ్డ విప్పేసరికి గంగాళం నిండుగా ఉంది. సీతారామరావు వంగి బండి కింద చూసి కళ్ళెర్రజేశాడు. "ఇదేటి పోలరాజూ? పండగపూట ఔజారు ముట్టావా?"

"లేదు బాబూ. వంటింటి పట్టకారది."

"అయితే పరవాలేదు," అన్నాడాయన. రెండు ముద్దలు తిని, "రేపట్నుంచి రోజూ తెచ్చీమ్మా," అని కూడా అన్నాడు.

ఆ 'పరవాలేదు' వినగానే పోలరాజుకు నిజంగానే సిగ్గేసింది. వంటింటి పని పనే కాదని పెళ్ళయిన దగ్గర్నుంచి తనూ అంటున్నది అదే కదా. జగదాంబ మాత్రం గరిటె గంగాళంలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

"తెత్తాను బాబూ. మీ పానాలకి పండగైన రోజు మటుకు నా గరిటెలకీ పండగే. ఆ రోజు సాంబారు ఈయనొండుతాడు."

కాంట్రాక్టరు నోటినిండా అన్నంతో తలూపాడు. పోలరాజుకు సాంబారులో ఉప్పు ఎప్పుడేస్తారో కూడా తెలియదు. ఏడాది గడువుంది కదా అని ధైర్యం చెప్పుకుంటూ, "నేర్సుకుంతాన్లే నెమ్మదిగా," అన్నాడు.

"నెమ్మదిగా ఏటి? రేపు తెల్లారగట్ల లెగు," అంది జగదాంబ.