ఆముదంలో నానిన గిన్నె

ఆరు గిన్నెలూ కొలతకు సరిగ్గా వచ్చాయి. భవాని పేటలో మరమగ్గాల విడిభాగాలు చేసే అంబాదాస్ తన లేత్ మిషన్ మీద ఇంత తెల్లటి వస్తువును ఎన్నడూ తీయలేదు. తుంటి కీలు అరిగిపోయినవాళ్లకు ఎముకలో బిగించే ప్లాస్టిక్ గిన్నెలవి. తొంభై రెండు వేసవిలో, వాటిని తయారుచేసే పుణే కంపెనీ ఒక ప్లాస్టిక్ కడ్డీ పంపి నమూనాలు అడిగింది. నెగ్గితే పని అతనికే. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటుంది. నెగ్గితే అతని భార్య చంద్రభాగ తుంటికి కంపెనీ డాక్టరే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు.

ముప్పై ఏళ్లు కాళ్లు మడిచి కూర్చుని బీడీలు చుట్టిన చంద్రభాగ ఇప్పుడు ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. లేత్ ఆగినప్పుడల్లా ఆ ఈడ్పు చప్పుడు వినిపిస్తుంది. ఆమె వంటింట్లో ఉందో వాకిట్లో ఉందో అంబాదాస్ తలెత్తకుండానే చెప్పగలడు.

కడ్డీ తెచ్చిన రామచంద్రం నీలం నగర్‌లో పెరిగినవాడే, ఆ కంపెనీలో తనిఖీ పని చేస్తాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

“కాకా, పొడిగానే కొయ్యాలె. చుక్క నూనె తగలొద్దు.”

“నాకు చెప్తున్నవా? నువ్వు చెడ్డీ ఏసుకున్నప్పటి సంది లేత్ నడుపుతున్న.”

“అందుకే చెప్తున్న.”

అంబాదాస్ రెండు రోజులు మిషన్‌ను తుడిచాడు. కోశాక ప్రతి గిన్నె చల్లారేదాకా ఎదురుచూసి, అప్పుడే కొలిచాడు. వెంట్రుకలో ఐదో వంతు తేడా కూడా లేదు.

ఆరోది అన్నిటికన్నా నునుపుగా దిగింది. అది చంద్రభాగదని అనుకున్నాడు, ఆమెతోనూ అన్నాడు. అనుకున్నాక దాన్ని మిగతావాటిలా చూడలేకపోయాడు. వేలితో రాస్తే లోపలి వంపు పస్తున్న ఒంటిలా పొడిగా తోచింది. అతని తండ్రి తోలు పికర్లు చేసేవాడు. మగ్గంలో నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడెను రోజంతా కొట్టే ముక్క అది. ఏడాది నూనెలో నానితేగాని తండ్రి ఏ పికరునూ చేయి దాటనిచ్చేవాడు కాదు. తాగనిది పగులుతది, అనేవాడు. ఈ గిన్నె మీద చంద్రభాగ బరువు ఎన్నేళ్లు పడాలి?

రామచంద్రం మాట గుర్తుంది. గుర్తుండగానే ఆ ఒక్కదాన్ని ఆముదంలో వేశాడు. ఇరవై రోజుల తరువాత తీసి, సబ్బుతో కడిగి, ఐదింటి పక్కన పెట్టాడు. తేడా తెలియలేదు. ఆరింటినీ పుణే పంపాడు.

నెల తిరిగాక రామచంద్రం అట్టపెట్టెతో వచ్చాడు. కూర్చోలేదు.

“కొలత బరోబర్ ఉన్నది కాకా. పుణేల కూడ ఇట్ల ఎవ్వరు కొయ్యలే. శుద్ధి చెయ్యనీకి కిరణాల కింద పెడితే ఒకటి పసుపురంగుకు తిరిగింది. నూనె తాగిందన్నరు.”

అంబాదాస్ పెట్టె వైపే చూస్తున్నాడు.

“చెయ్యి జారి పడ్డదని చెప్పు. నేను మాట్లాడి చూస్త.”

“జారలే. నేనే ఏసిన.”

“ఎందుకు?”

“పికర్లకు ఏస్తం గద.”

రామచంద్రం పెట్టెను బల్ల మీద పెట్టాడు. “ఐదు మంచియే. కానీ ఇగ పని ఇయ్యరు. ఇంకేం చేస్తవో ఎవలకు ఎరుక అంటరు. మనిషి లోపట పెట్టేది కాకా.”

“మరి మీ చిన్నమ్మ ఆపరేషన్?”

“అది గూడ గంతే.”

అతను వెళ్లాక ఈడ్పు చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. చంద్రభాగ పెట్టె తెరిచింది.

“ఏది నాది?”

పసుపుదాన్ని చూపించాడు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఆముదమా. నా బొక్కలకు బాలింత వైద్యం చేసినవా?”

కోపం కోసం ఎదురుచూశాడు. ఆమె గిన్నెను తిరిగి పెట్టెలోనే పెట్టింది.

“నన్నొక్క మాట అడిగితే పోయేది గదయ్యా,” అని కదిలింది.

ఏమని అడిగేవాడు? తండ్రి మాట వల్లే చేశానని ఇంతవరకూ నమ్మాడు. ఇప్పుడు, ఆ ఈడ్పు చప్పుడు లేని ఇంటిని ఊహించబోయి ఊహించలేక, ఆ నమ్మకం కూడా చేతిలోంచి జారడం గమనించాడు. బహుశా ఆ ఇల్లంటే అతనికి భయం. కాకపోవచ్చు. దీన్ని కొలిచే సాధనం అతని దగ్గర లేదు.

మగ్గాలవాళ్ల పికర్లు బల్ల మీద కుప్పగా ఉన్నాయి. ఒకటి మిషన్‌కు బిగించాడు. స్విచ్ వేయలేదు. ఈడ్పు చప్పుడు వంటింటి దాకా వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ వాకిట్లోకి వచ్చింది.