పైతేట

గంగాళంలో గరిటె పైపైనే ఆడాలి, అడుగు తగలకూడదు. పిచ్చాసుపత్రి వంటశాలలో పద్ధతి అది. పైతేట రోగులకు, అడుగున పేరుకున్న చిక్కటి పప్పు వంటవాళ్లకు, కాపలావాళ్లకు. ఇరవై ఆరేళ్లుగా వడ్డించి వడ్డించి ఆ విద్య గరిటమ్మ చేతికి అబ్బింది. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆవిరికి కాలి తెల్లమచ్చలు పడ్డ వేళ్లతో, వాలిపోయిన కుడి భుజంతో ఈ మధ్యాహ్నమూ వరస వెంట నడుస్తోంది. అరిచేవాళ్లకు మొదట్నుంచీ కాస్త చిక్కగానే పడేది, పళ్లెం మొహాన కొడతారని. నోరులేనివాళ్లకు నీళ్లే.

వరసలోని రోగుల్లో దర్జీ ఒకడు, మొదట నోరులేనివాడేం కాదు. వచ్చిన కొత్తలో ఆమె చీరమీద వేసుకున్న చొక్కా చూసి, "అత్తా, ఈ కుట్టు వేసినవాణ్ణి నా పక్కమంచం మీద పడుకోబెట్టాలి" అని వార్డంతా నవ్వించాడు. ఆరునెలల పైతేట ఆ నవ్వును తాగేసింది. చెంపలు లోపలికి పోయాయి, మాట పడిపోయింది. డాక్టరు మాత్ర పెంచాడు. మళ్లీ పెంచాడు. పళ్లెంలోకి మాత్రం తొంగిచూడలేదు. నీరందక ఎండే చేనుకు పురుగుమందు కొట్టినట్టు.

మూడు వారాలుగా గరిటమ్మ గరిటె అడుగుదాకా దించుతోంది. ఒక్క దర్జీకని మొదలుపెట్టింది, ఇవాళ వరసంతటికీ పోసింది. తన వంతు గుడ్డు కూడా అతనికే. నిన్న అతను తలెత్తి, "అత్తా, ఉప్పెక్కువైంది" అన్నాడు. ఆమె వంటశాల వెనక్కి పోయి ఏడ్చింది. మూడు వారాల పప్పుకే నోరు పెగిలితే, ఇరవై ఆరేళ్లలో తన చేత్తో ఎన్ని నోళ్లు మూసిందో!

వడ్డన అయ్యాక వంటశాల పెద్దాయన గంగాళం వంచి చూశాడు.

"ఏమే ముసలీ, మా పప్పేదీ?"

"తినాల్సినవాళ్లు తిన్నారు."

"పిచ్చోడికి పప్పయితేనేం, నీళ్లయితేనేం?"

"ఆరునెలలు ఆ నీళ్లు తాగి చూడు నాయనా. వార్డులో నీకు పక్క నేనే పరుస్తా."

వంటవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వుకే ఆమె పని పోయింది.

సాయంత్రం కాగితం చేతిలో పెట్టి పొమ్మన్నారు. దారి వార్డు కిటికీ పక్కనుంచే. లోపల కొత్త మనిషి వడ్డిస్తోంది, పైపైనే. దర్జీ ఆ మొహంలోకి చూశాడు.

"అత్తేదీ?"

కొత్త మనిషి తర్వాతి పళ్లానికి జరిగింది. అతను పళ్లెం కిటికీ గట్టు మీదికి నెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గరిటమ్మ చువ్వలు పట్టుకుంది. "అల్లుడూ, ఇటు చూడు... తినరా." అతను కదల్లేదు. కాపలావాడు ఆమెను రెక్క పట్టుకుని గేటు వైపు నడిపించాడు.

గట్టు మీద పళ్లెం అలాగే ఉంది. నిండా పప్పే. పళ్లెం అడుగున కొట్టిన నంబరు ఆ పప్పులోంచి స్పష్టంగా కనిపిస్తోంది.