నెత్తళ్ళు ఎండని మిద్దె

రోహిణి కార్తెలో ఎండ ఇంకా ముదరాలని కోరుకున్న మనిషిని జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయివుంటాను. ఆ రోజు పొద్దున లేస్తూనే ఆకాశం చూసి, మబ్బు తునక కూడా లేదని పొంగిపోయాను. నా పేరు వినీల. జువ్వలదిన్నె దగ్గర సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక కాలనీకి సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటును. నలభై ఇళ్ళు, అన్నీ వేట మీద బతికేవాళ్ళవి.

తుపాను వచ్చిన ప్రతిసారీ తాటాకు గుడిసెలు ఎగిరిపోతున్నాయని గవర్నమెంటు వాళ్ళకు సిమెంటు స్లాబు ఇళ్ళు కట్టించింది. మంచిదే. కానీ ఎండాకాలం ఏటేటా ముదురుతోంది. ఆ స్లాబు పొద్దుటి నుంచీ వేడి తాగి, మధ్యాహ్నానికి ఇంట్లోకి కక్కుతుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది వీళ్ళ పని. అందుకే ప్రతి ఇంటి ముందూ మళ్ళీ ఒక తాటాకు పందిరి లేచింది. మనుషులేమో పందిరి కింద, వలలేమో ఇంట్లో. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో పేరు కూడా ఉంది.

ఈ ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కాలనీ ఇళ్ళ మిద్దెలకు వేడి తగ్గించే పూత వేయాలి. కంపెనీ రంగు కావాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి. ఊళ్ళో దొరికేదేదైనా వాడుకోవచ్చు గానీ, ముందు ఒక ఇంటికి వేసి చూపించాలి. పూత లేని పక్కింటి కంటే నాలుగు డిగ్రీలు తగ్గాలి, ఆ ఇంటావిడ సమ్మతి సంతకం పెట్టాలి. అప్పుడే మిగతా ఇళ్ళకు అనుమతి. గడువు ఆ రోజుతో సరి.

ఉత్తర్వు వచ్చిన కొత్తలో ఆ కాగితం పట్టుకుని నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఎలిశబెతు ఆపింది. ఇరవై ఏళ్ళుగా కట్టుబడి పనిలో తట్టలు మోస్తున్న మనిషి. వాళ్ళ తాతలు పులికాట్ వైపు గుల్లలు కాల్చి సున్నం చేసినవాళ్ళు. తాపీ పట్టిందంటే మగ మేస్త్రీలు పక్కకు తప్పుకోవాలి. అయినా ఆమెను మేస్త్రి అని ఇంతవరకూ ఒక్కరూ పిలవలేదు. ఆడది తట్ట మోయాలి, మగాడు తాపీ పట్టాలి, అంతే లెక్క.

"గుల్ల సున్నం మూడు పూతలేస్తే చాలు మేడం. మా తాత మిద్దె కింద ఎండాకాలం పగలు గూడా నిద్రపోయేవాళ్ళం. ఆ కాయితంలో మేస్త్రి అని ఉండాదే, ఆడ నా పేరు రాయించండి. పని సంగతి నేను చూసుకుంటా" అంది.

సరేనన్నాను. అనుమతి వస్తే ముప్ఫై తొమ్మిది మిద్దెలు ఆమె చేతి మీదుగా నడుస్తాయి. రాకపోతే మళ్ళీ తట్టే. ఆ సంగతి తలుచుకుంటే రాత్రిళ్ళు నాకే నిద్ర పట్టేది కాదు.

చూపించడానికి మహాలక్ష్మి ఇల్లు ఎంచుకున్నాం. ఎండుచేపల వ్యాపారం ఆమెది, నోరు పెద్దది, కాలనీలో ఆడవాళ్ళంతా ఆమె మాట వింటారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి నానబెట్టిన సున్నాన్ని ఎలిశబెతు మూడు పూతలు వేసింది. చివరి పూత ముందురోజే ఆరింది. కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది మిద్దె. అంతా బాగుంది గానీ, మిద్దె మీద వీళ్ళు ఏం చేస్తారని మేమిద్దరం ఆలోచించలేదు. ఇసుక అంటదు, కుక్కలు రావు. ఇక్కడ మిద్దె అంటే చేపలు ఎండబెట్టుకునే చోటు.

మహాలక్ష్మి పొద్దున్నే హార్బరు నుంచి తెచ్చిన సన్న చేపలు, నెత్తళ్ళు, సగం తన తెల్ల మిద్దె మీద, సగం పక్కింటి నల్ల మిద్దె మీద పరిచింది. పన్నెండు గంటలకు రెండు గంపలతో కిందికి దిగి వచ్చి, నా ముందు కుమ్మరించింది.

"ఇవి పక్కింటియి, ఇవి మా ఇంటియి. పట్టుకోని చూడు మేడం."

పక్కింటివి గలగలమన్నాయి. ఈమెవి కింది వైపు ఇంకా మెత్తగా, పచ్చిగా ఉన్నాయి. నాకు ముందు సంతోషమే కలిగింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. చేప ఎండలేదంటే మిద్దె కాగలేదన్నమాటే గదా. ఆ మాట పైకి అనకుండా నాలుక కరుచుకున్నాను.

రెండు గంటలకు మా పై అధికారి డీఈ ప్రసాద్ గారు తనిఖీకి వచ్చారు. వేడి కొలిచే పరికరం పట్టుకుని ముందు పక్కింట్లోకి వెళ్ళి స్లాబు అడుగు చూశారు. నలభై మూడు. తర్వాత మహాలక్ష్మి ఇంట్లోకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. ముప్ఫై ఏడున్నర. ఆయన నమ్మలేక మరో రెండు చోట్ల చూశారు. అదే. నేను గెంతినంత పని చేశాను. ఎలిశబెతు కొంగుతో మొహం తుడుచుకుని "ప్రభువా" అని మెల్లగా అంది.

"ఇంటావిడ సంతకం ఒక్కటే మిగిలింది" అన్నారు డీఈ గారు.

పందిరి కింద కూర్చున్న మహాలక్ష్మి కదల్లేదు. "నేను పెట్టను సార్. ఇల్లు చల్లగుంటే నాకేంది, పగలు ఇంట్లో ఉండేదెవరు? ఊరంతా మిద్దెలు తెల్లగా జేస్తే, మేము చేపలు యాడ ఎండబెట్టుకోవాల, ఈ మేడం నెత్తినా?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు, కానీ ఒక్కరూ మా వైపు రాలేదు. నాకు చర్రున కోపం వచ్చింది, మరుక్షణమే చల్లారింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తిండి పెట్టే మిద్దెను అడగకుండా మార్చింది మేము.

"నాలుగింటికి నేను బయల్దేరాలి. అప్పటికి సంతకం లేకపోతే కంపెనీ రంగుకే రాసేస్తాను" అన్నారు డీఈ గారు.

ఎలిశబెతు నిచ్చెన ఎక్కింది. నేనూ వెనకే ఎక్కాను. తెల్లటి మిద్దె మీద మోకాలి ఎత్తున అరచెయ్యి బోర్లించి కాసేపు అలాగే పట్టుకుంది. నన్నూ పట్టమంది. కింది నుంచి అరచేతికి ఎండ తగిలింది.

"ఎండ యాడికీ పోలా మేడం. కిందికి దిగకుండా తిరిగి పైకి పోతా ఉండాది. మనమే చేపని దానికి అడ్డంగా పరిచినాం." మిద్దె అంచు దాకా వచ్చి కిందికి కేక వేసింది. "అక్కా, పాత వల ఒకటి, నాలుగు సరుగుడు కట్టెలు ఇయ్యి."

"ఎందుకు మే?"

"గంట టయిము ఇయ్యి. ఎండకపోతే నేనే సున్నం గీకేస్తా."

మహాలక్ష్మి గొణుక్కుంటూనే ఇచ్చింది. వలను మోకాలి ఎత్తున బిగించి కట్టాం. దాని మీద ఆ మెత్తటి నెత్తళ్ళు పలచగా పరిచాం. పై నుంచి ఎండ, కింది నుంచి మిద్దె తిప్పి కొట్టే ఎండ, మధ్యలో సముద్రపు గాలి. ఇక ఎదురుచూపులు. పరీక్ష ఫలితాల కోసం కూడా నేను అంత ఆత్రపడలేదు. పావుగంటకోసారి ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి రావడం, కింద ఉన్నవాళ్ళు "ఏమైంది" అని అడగడం. డీఈ గారు కూడా రెండుసార్లు ఎక్కారు.

మూడున్నరకు మహాలక్ష్మి పైకి వచ్చింది. ఒక చేప తీసి విరిచింది. ఫటుక్కుమంది. మధ్యలోంచి ఇంకొకటి తీసింది, అదీ ఫటుక్కుమంది. కింది వైపు తిప్పి చూసింది, వేలితో గీకింది, కొరికి నమిలింది. మేమంతా ఆమె దవడల వైపే చూస్తున్నాం.

"నల్ల మిద్దె మీద మాడతాయి. ఇయి మాడలా" అంది చివరికి. "ఉండండి, సంతకానికి ఆధార్ కార్డు తెస్తా."

కిందికి దిగి ఇంట్లోకి వెళ్ళింది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. డీఈ గారు గడియారం చూసుకున్నారు. నాలుగుకు పది నిమిషాలుంది. మళ్ళీ మనసు మార్చుకుందేమోనని నాకు కోపం ఎక్కింది. గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

ట్రంకు పెట్టె తెరిచే ఉంది. దాని పక్కన కటిక నేల మీద, కార్డు గుప్పిట్లోనే పట్టుకుని, మహాలక్ష్మి నిద్రపోతోంది. తెల్లవారుజామున మూడింటికి హార్బరుకు పోయిన మనిషి. చల్లగా ఉందని కాస్త నడుం వాల్చినట్టుంది, అంతే. సన్నగా గురక కూడా పెడుతోంది.

నా వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె గోడకు చెయ్యి ఆనించి చూసింది. ఇంకొకామె లోపలికి వెళ్ళి చప్పుడు చేయకుండా మహాలక్ష్మి పక్కనే కూలబడింది. నేను లేపబోతే ఎలిశబెతు నా చెయ్యి పట్టుకుంది.

"లేపబాకండి మేడం."

"టైమ్ అయిపోతోందక్కా. సంతకం లేకపోతే నీ పేరు ఉండదు."

"ఉండకపోతే పోనీండి. రోహిణిలో, పట్టపగలు, ఇంట్లో పండుకోనుంది చూడండి." ఆమె కళ్ళు నిండి ఉన్నాయి, మొహమంతా నవ్వు.

డీఈ గారు చెప్పులు విడిచి గుమ్మంలోంచి తొంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత డ్రైవరును బండి ఆపేయమని సైగ చేసి, అరుగు మీద కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని కలం మూత తీశారు.

"ఆమె లేచేదాకా ఉంటాను" అన్నారు గొంతు తగ్గించి. "ఈలోగా మిగతావి నింపుదాం. మేస్త్రి గారూ, మీ ఇంటిపేరు చెప్పండి."

ఎలిశబెతు వెనక్కి తిరిగి, ఎవర్ని పిలుస్తున్నారా అని చూసింది.