న కింద గీత

ఎల్లేశాన్ని కాట్లో కాల్చి వచ్చిన మూడోనాడే అతని భార్య కనకవ్వను బొగ్గుబాయి ఆఫీసుకు పిలిపించారు. గుమస్తా ఒక కాగితం ఆమె ముందుకు తోసి, సిరా డబ్బా మూత తీసి పెట్టాడు.

"ఏలు పెట్టు."

"ఏం రాసిన్రో చదివి చెప్తె పెడత. నాకు సదువు రాదు."

గుమస్తా విసుక్కుంటూ చుట్టూ చూశాడు. గోడకు ఆనుకొని నర్సింగం నిలబడి ఉన్నాడు. ఆ గనిలో పద్దెనిమిదేండ్లుగా మైనింగ్ సర్దారు. కనకవ్వదీ అతనిదీ జైపూర్ దిక్కు ఒకే ఊరు. చిన్నప్పటి నుంచి ఆమె అతన్ని అన్నా అని పిలిచేది. ఎల్లేశం బావా అనేవాడు.

"నర్సింగం అన్న ఉన్నడు గద. అన్నా, నువ్వే చదువు. నువ్వు సరే అంటే పెట్టేస్త."

నర్సింగం కాగితం అందుకున్నాడు. మొదటి నాలుగు పంక్తులు గట్టిగానే చదివాడు. పేరు, తండ్రి పేరు, షిఫ్టు, ప్రమాదం జరిగిన చోటు. ఐదో పంక్తి దగ్గర ఆగాడు. 'సర్దారు స్వయంగా తనిఖీ చేసి గుర్తు పెట్టిన చోట, మృతుడు తన అజాగ్రత్త వలన ఆసరా దిమ్మెను తొలగించినందున' అని ఉంది అక్కడ. అతని కండ్లు ఆ పంక్తి మీదుగా పోయాయి గానీ నోరు దాన్ని దాటేసింది.

"కప్పు కూలి మరణించెను. కుమారుని ఉద్యోగ విషయము కంపెనీ పరిశీలించును," అని ముగించాడు.

"గంతేనా?"

"గంతే చెల్లె."

కనకవ్వ వేలిముద్ర వేసింది. గుమస్తా ఒక కాపీ ఆమె చేతికిచ్చాడు. వేలికంటిన సిరాను తలకు రాసుకొని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకొని వెళ్ళిపోయింది. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "నువ్వున్నవని ధైర్యమే అన్నా," అంది.

ఆ మాట అతనికి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

*

షిఫ్టు మొదలవకముందు అందరికంటే ముందు గనిలోకి దిగేవాడు సర్దారు. ఇనుప పొన్ను ఉన్న కర్రతో తల మీది గని కప్పును తట్టి చెవి పెట్టి వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల వదులైన బండ డబ్బుమంటుంది. డబ్బుమన్న చోట కింద ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టించాలి, లేదంటే ఆ చోటు మూసెయ్యాలి. బాగున్న చోట సుద్దముక్కతో దిమ్మె మీద తారీఖు వేసి తన గుర్తు పెడతాడు. నర్సింగం గుర్తు న, దాని కింద ఒక గీత.

బొగ్గు నింపే మనుషుల్లో సగం మందికి అక్షరాలు రావు. అయినా న కింద గీత అందరికీ తెలుసు. అది కనబడితే అంగీలు విప్పి పనిలోకి దిగుతారు. "మా బావ గీత గీసిండు, ఇగ యముడు గూడ బయటనే కూసోవాలె," అని ఎల్లేశం రోజూ నవ్వించేవాడు.

ఆ గుర్తు పెట్టే హక్కు ఊరికే రాలేదు. ఏండ్ల తరబడి కింద పని చేసి, ఆఫీసర్ల ముందు పరీక్షకు నిలబడి, రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కి తెచ్చుకున్నాడు. ఆ సర్టిఫికెట్‌ను అద్దం కట్టించి ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టాడు.

పోయిన ఎండాకాలం కొత్త ఆర్డరు వచ్చింది. గని పెరిగింది, సర్దార్లు చాలరు. కాబట్టి ఇకమీద సర్టిఫికెట్ లేకున్నా పదిహేను రోజుల క్లాసు విని, మేనేజరు సంతకమున్న కాగితం తెచ్చుకున్నవాడు కప్పు చూడవచ్చు. మూడు చోట్లకు ముగ్గురు సర్దార్లుండే దగ్గర ఇక ఒక్కడే ఉంటాడు. మిగతా ఇద్దరూ క్లాసువాళ్ళే.

అప్పుడే యూనియన్ రాజం ఇంటికొచ్చి అడిగాడు. "సర్దారోళ్ళు అడ్డం తిరిగితే ఈ ఆర్డరు వారం నిలవది. నువ్వు ముందు పడు అన్నా."

నర్సింగం ముందు పడలేదు. పైవాళ్ళకు తెలియదా అన్నాడు. ఎందుకన్నాడంటే అంతకు రెండు రోజుల ముందు గని మేనేజరు, అందరూ బాయిదొర అనేవాడు, అతన్ని తన గదిలోకి పిలిచి, "నర్సింగం గారూ, కూర్చోండి" అన్నాడు. అంతదాకా ఆ గదిలో అతను నిలబడే మాట్లాడాడు. ఆ రోజు కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. మూడు చోట్లకూ మీరే పెద్ద అన్నాడు.

క్లాసు విని వచ్చినవాడు వజీర్. ఎనిమిదేండ్లు బొగ్గు నింపినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మొదటి రోజు దిమ్మె మీద తన పేరులోని వ రాస్తే జనం లోపలికి పోలేదు. "నర్సింగం గుర్తు ఏది?" అని కూర్చున్నారు. బాయిదొర నవ్వి, ఆ గుర్తు వజీర్ చేతనే పెట్టించమన్నాడు. నర్సింగం తన సుద్దముక్క వజీర్ చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి ప్రతి దిమ్మె మీదా న కింద గీత కనబడింది. జనం దిగారు. గీసిన చెయ్యి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఎల్లేశం పోయిన రోజు పొద్దున వజీర్ ఆఫీసు దాకా పైకొచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"ఉస్తాద్, నాలుగో డిప్పుల ఒక తావు డబ్బున పలుకుతంది. నాకు సమజైత లేదు. జర వచ్చి చూడు."

నర్సింగం చేతిలో చాయ్ సగముంది. ఎదురుగా బాయిదొర గడియారం చూసుకుంటున్నాడు.

"వానకాలం తడికి గట్లనే పలుకుతది. గుర్తు పెట్టు పో," అన్నాడు నర్సింగం.

రెండు గంటల తర్వాత, కిందికి వాలే ఆ నాలుగో దారిలో, ఆ తావే కూలింది.

*

ఆనాడు నాలుగో డిప్పులో న గీసిన చెయ్యి వజీర్‌దని జనానికి తెలిసింది. కనకవ్వ వేలు పెట్టిన మర్నాడు గని గేటు దగ్గర వజీర్‌ను చుట్టుముట్టారు.

"ఏం సర్దార్ సాబ్! పదిహేను రోజుల్ల గుర్తు పెట్టుడు నేర్సినవ్, పీనుగను లేపుడు గూడ నేర్పిన్రా?"

"వీని మొకానికి కర్ర ఒకటి!"

ముసలి సదయ్య వజీర్ చొక్కా పట్టుకున్నాడు. గనిలో దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. ఎల్లేశాన్ని బండ కింది నుంచి లాగినవాడు అతనే. "గా పోరడు నా చేతుల మీద పోయిండ్రా. నీకు చెవులున్నయా, లేవా?"

కనకవ్వ ఎక్కడి నుంచో వచ్చి గుప్పెడు దుమ్ము వజీర్ ముఖాన కొట్టింది. వజీర్ కండ్లు తుడుచుకోలేదు. జనం తలల మీదుగా నర్సింగం వైపు చూశాడు, అంతే. నర్సింగం వంగి, కట్టి ఉన్న బూటు లేసును మళ్ళీ కట్టుకున్నాడు.

మర్నాడు దీపాలిచ్చే గది దగ్గర ఇద్దరే ఎదురుపడ్డారు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నర్సింగం.

"ఉస్తాద్ పేరు నా నోట్లకెల్లి రావాల్నా? నువ్వే చెప్తవనుకున్న." వజీర్ క్యాప్ ల్యాంపు బెల్టు బిగించుకున్నాడు. "నల్లా కాడ నా పెండ్లాం ఆసియా బిందెను పక్కకు నెడుతున్నరు. పిల్లలను బడిల ఖూనీకోర్ కొడుకులు అంటున్నరు. నేను ఓర్చుకుంట. వాళ్ళేం జేసిన్రు?"

నర్సింగం ఆ రోజు ఇంటికి పోయి అద్దం కట్టిన సర్టిఫికెట్‌ను గోడ మీది నుంచి దించాడు. భార్య సారక్క చూసి, "పగిలిందా?" అంది. "లేదు" అని బోర్లించి పెట్టాడు.

*

ఆదివారం సెలవు. యూనియన్ ఆఫీసు ముందర ఐదారు వందల మంది కూర్చున్నారు. ఆడవాళ్ళూ వచ్చారు. రాజం ఒక నోటీసు చదివాడు. దసరా లోపల ఇంకో నలభై మందికి పదిహేను రోజుల క్లాసు చెప్పి, అన్ని గనుల్లోకీ పంపుతారట.

"ముందుగాల వజీర్‌ను కొలువుల నుంచి తీసెయ్యాలె. గదే డిమాండు!" అని అరిచాడు సదయ్య.

"వాన్ని తీస్తె ఇంకో వజీర్ను తెస్తరు. ఆర్డరు తీసెయ్యాలె," అన్నాడు రాజం.

"సర్టిఫికెట్, సర్టిఫికెట్ అంటరేందే? నాకు ముప్పై ఏండ్ల సర్వీసు. ఏడో తరగతి లేదని నన్ను పరీక్షకే రానియ్యలే. పదిహేను రోజుల్ల మనోనికి కాగితం దొరికితె మీకు మంటనా?" అని బొగ్గు నింపే ఫిల్లరు ఒకడు లేచాడు.

"కాగితం నీకిస్తలేరు కాకా, నీ మెడకు కడుతున్నరు. రేపు కప్పు కూలితె కంపెనీది కాదు, కాగితమున్నోనిదే తప్పు!" అన్నాడు రాజం.

"తప్పు వజీర్‌ది కాకుంటె మరి ఎవనిది?" అన్నాడు సదయ్య.

వెనక వరుసలో నర్సింగం లేచాడు. పద్దెనిమిదేండ్లు సర్దారుగా చావు పక్కన తిరిగినవాడు అంత భయం ఎన్నడూ పడలేదు.

"నాది," అన్నాడు.

ముందున్నవాళ్ళకు వినబడలేదు. "ఏందంటున్నడు?" అన్నారెవరో.

"నాది అంటున్న. నాలుగో డిప్పుకు నేను పోలే. వజీర్ పైకొచ్చి చెప్పిండు, డబ్బున పలుకుతందని. బాయిదొర ముంగట కుర్చీల కూసోని చాయ్ తాగుతున్న. లేస్తె ఆయనకు కోపమొస్తదని లేవలే. నా గుర్తు పెట్టుమని నేనే పంపిన. వాని చెవి మంచిదే. నా చెవే చచ్చింది."

ఎవరిదో చెప్పు వచ్చి అతని భుజానికి తగిలింది. "థూ! మా పానం తీసుకపోయి కుర్చీ కింద పెట్టినవ్ గదరా!" సదయ్య మనుషులను తోసుకుంటూ వచ్చి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఆగి, కిందికి దిగింది. కొట్టి ఉంటే బాగుండునని నర్సింగం అనుకున్నాడు.

"ఇంకోటుంది," అన్నాడు. "కనకవ్వా, ఆనాడు నీ కాగితం అంత చదవలే. ఒక ముక్క ఇడిచిపెట్టిన."

కనకవ్వ లేచి వచ్చింది. రొండిన దోపిన కాగితం తీసి, మడతలు విప్పి అతని ముందు పట్టింది. చెమటకు అంచులు నానాయి.

"చదువు. గీ అందరి ముంగట చదువు."

చదివాడు. సర్దారు స్వయంగా తనిఖీ చేసి గుర్తు పెట్టిన చోట, మృతుడు తన అజాగ్రత్త వలన ఆసరా దిమ్మెను తొలగించినందున, కప్పు కూలి మరణించెను.

"ఎవరు తొలగించిన్రట?" అంది కనకవ్వ మెల్లగా. "నా మొగడా? సదయ్యతోటి దిమ్మెలు కొట్టి కొట్టి చేతులు పుండ్లు పడ్డయి ఆయనకు. తన సావు తానే తెచ్చుకున్నడని నాతోటి ఏలుముద్ర ఏయించిన్రా? నువ్వుండి ఏయించినవా?"

"అవు."

ఆమె ఏడవలేదు. కాగితం లాక్కొని రాజం చేతికిచ్చింది. "ఇగ చెప్పున్రి, ఏం జేద్దాం."

అక్కడి నుంచి మాట మారింది. ఈ మనిషిని కొడితే మన కసి తీరుతుందిగానీ కప్పు ఆగుతుందా అన్నాడు రాజం. ముగ్గురు చెయ్యాల్సిన పనికి ఒకణ్ణి పెట్టినవాడెవడు, ఆ ఒక్కణ్ణి కుర్చీతో కొన్నవాడెవడు అని అడిగాడు. మనదీ తప్పుందని ఒక ఆడమనిషి అంది, దిమ్మె మీద గీత చూశారు గానీ మనిషిని చూశారా అని. చీకటి పడకముందే తీర్మానమైంది. ప్రతి చోటుకూ పరీక్ష నెగ్గిన సర్దారు ఉండాలి. కప్పు తట్టేటప్పుడు సర్దారుతో పాటు ఆ చోట పనిచేసే ఇద్దరు పోయి చెవులతో వినాలి. ఎల్లేశం మీద రాసిన అబద్ధం కొట్టెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ దిగరు.

సదయ్య పోతూ పోతూ వజీర్ దగ్గర ఆగాడు. బీడీ ఒకటి తీసి ఇచ్చాడు. వజీర్ తీసుకొని చెవి వెనక పెట్టుకున్నాడు.

*

సోమవారం మొదటి షిఫ్టు సైరన్ మోగింది. గని నోటి ముందు జనం పట్టాల మీద కూర్చున్నారు. రోజూ పని వివరాలు రాసే నల్లబల్ల దగ్గరికి నర్సింగం పోయి, దాన్ని తుడిచాడు. సుద్దముక్క తీసి, పెద్ద అక్షరాలతో 'కప్పు చూడలేదు' అని రాశాడు. కింద తారీఖు వేశాడు. న రాసి, గీత గీశాడు.

బాయిదొర పరుగున వచ్చాడు. "నర్సింగం గారూ, ఇదేం పని? లోపలికి రండి, కూర్చొని మాట్లాడుకుందాం."

"వద్దు సార్. కుర్చీల కూసుంటె కప్పు చప్పుడు వినబడది."

పట్టాల మీద ఎవరో కర్రతో టక్కున కొట్టారు. ఇంకొకరు కొట్టారు. వందల కర్రలు ఇనుము మీద పడ్డాయి.

పది దాటాక పోలీసు జీపు వచ్చింది. తనిఖీ చెయ్యకుండా తప్పుడు గుర్తు పెట్టి ఒకని చావుకు కారణమయ్యాడని బాయిదొర ఫిర్యాదు. అతను ఒప్పుకున్న నేరాన్నే అతని మీదికి తిప్పారు. ఆ గుర్తు వజీర్ చేత పెట్టించమన్నది బాయిదొరే అన్న ముక్క ఫిర్యాదులో లేదు. నర్సింగం జీపెక్కాడు. చేతిలోని సుద్దముక్క కింద పడింది. జనం లేచి జీపుకు అడ్డంగా నిలబడ్డారు.

కనకవ్వ జీపు దగ్గరికి వచ్చింది. ఈసారి అన్నా అనలేదు.

"కోర్టుల గూడ చదవాలె నువ్వు. చాయ్ కాన్నుంచి చదవాలె. ముక్క ఇడిచిపెట్టద్దు."

"ఇడువ," అన్నాడు. ఆమె ముఖంలోకి చూడలేక, తన అరచేతిలోని తెల్లటి దుమ్మును చూస్తూ అన్నాడు.

వజీర్ వంగి సుద్దముక్క తీశాడు. నల్లబల్ల మీద, న పక్కన, వ రాసి కింద గీత గీశాడు. సదయ్యకు స ఒక్కటే వచ్చు, అదే రాశాడు. జీపు ముందు కొందరు అడ్డంగానే ఉన్నారు, మిగతావాళ్ళు వరుస కట్టారు. అక్షరం వచ్చినవాళ్ళు అక్షరం రాశారు. రానివాళ్ళు కింద రాలిన సుద్దపొడిలో వేలద్ది ముద్ర వేశారు. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి, ఏం జరిగిందని అడిగి, వాళ్ళూ ఆ వరుసలోనే నిలబడ్డారు.

కనకవ్వ వంతు వచ్చింది. వేలు పొడిలో పెట్టింది గానీ బల్లకు ఆనించలేదు.

"ఏం రాసిన్రు? చదువు," అని వజీర్‌ను అడిగింది.

"కప్పు చూడలేదు."

"గంతేనా? ఇంకేమన్న ఉన్నదా?"

"గంతే అక్కా."

ఆమె సదయ్య వైపు తిరిగింది. సదయ్య తలూపాడు. పక్కనున్న ఇంకొకరిని అడిగింది. ఆ తర్వాతే వేలు నొక్కింది.

జనం అడ్డం తొలగక జీపు ఇంకా అక్కడే ఉంది. లోపల నర్సింగం తల దించుకున్నాడు. రెండో షిఫ్టు సైరన్ మోగింది. ఒక్కరూ దిగలేదు.