పొట్టి ఏరియల్

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరువాత మీకూ నాకూ పేచీ ఉండకూడదు. 1996 జూన్‌లో ఆ కోపంతోనే నేను ఒక ఏరియల్ కొన్నాను. మంచి గట్టి సరుకు. నేను ఖతార్ వదిలి వచ్చేసేదాకా అది ఒక్క గాలికి కూడా వంగలేదు. దాని మొహం చూస్తూ ఆరేళ్ళు పనిచేశాను. ఇంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకెవరూ వేయలేరు.

మా క్యాంప్ అల్ వక్రాకి దక్షిణంగా, ఊరు అయిపోయి ఇసక మొదలయ్యే చోట ఉండేది. నేను అక్కడ ఎలక్ట్రీషియన్ని. మాది నరసాపురం. కరెంటు పనితో పాటు రేడియో గది కూడా నా నెత్తినే పడింది. కంపెనీ టాంకర్లలో, ట్రక్కులలో మాట్లాడుకోవడానికి చిన్న సీబీ రేడియో సెట్లు ఉండేవి. నా గదిలో పెద్ద సెట్టు, కప్పు మీద ఇనుప పైపు, ఆ పైపు కొనన ఏరియల్. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా హాజరు తీసుకునేవాణ్ణి. పేరు పిలుస్తాను, వాడు ఎక్కడున్నాడో చెబుతాడు, వాడు చెప్పినదాన్ని నేను మళ్ళీ పైకి ఒకసారి అంటాను. అలా తిరిగి చెప్పడం క్యాంప్ ఇన్‌చార్జి అమర్‌నాథ్ పెట్టిన రూలు. ఒకసారి టాంకర్ ఒక చోటికి పోవాల్సింది ఇంకో చోటికి పోయినందుకు పెట్టాడు. నాకు అది నోటికి అంటుకుపోయింది. భోజనం దగ్గర ఎవరైనా ఉప్పు అడిగితే, 'ఉప్పు కావాలి' అని తిరిగి చెప్పి మరీ ఇచ్చేవాణ్ణని అందరూ నవ్వేవారు.

హాజరులో ఆఖరి పేరు జలంధర్‌ది. క్యాంప్‌కి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, పని ఆగిపోయిన రాతి క్వారీకి అతను కాపలా. జగిత్యాల దగ్గరి మనిషి. ఒక రేకుల క్యాబిన్, ఆగిపోయిన లోడరు బండి, ఒక సీబీ సెట్టు. దాని బ్యాటరీ అయిపోకుండా రోజుకి ఆ ఒక్క గంటే వేసుకునేవాడు. పదిహేను రోజులకొకసారి శుక్రవారం నాడు భూమేష్ టాంకర్‌లో నీళ్ళు, బియ్యం, నింపిన బ్యాటరీ తీసుకుని వెళ్ళేవాడు. మిగిలిన అన్ని రోజులూ జలంధర్‌కి మనిషి గొంతు అంటే నా గొంతే.

అతనికి చదువు రాదు. ఉత్తరాలు క్యాంప్‌కి వచ్చేవి. హాజరు అయ్యాక నేను వాటిని రేడియోలో చదివి వినిపించేవాణ్ణి. భార్య గంగాబాయి చెబుతుంటే పక్కింటి పుష్ప రాసేది. మొగుడూ పెళ్ళాల మాటలు డ్రైవర్లందరూ వినేవాళ్ళు. మొదట్లో ఇకిలించారు కానీ రెండు నెలలకి వాళ్ళే, 'గంగక్క ఉత్తరం రాలేదా సార్' అని అడగడం మొదలుపెట్టారు. ఆమె గేదె పేరు మా అందరికీ తెలుసు.

మే నెలాఖరు ఉత్తరంలో గంగాబాయి కడుపులో గడ్డ ఉందని రాయించింది. జూన్ మొదటి వారంలో వచ్చిన దానిలో ఆపరేషన్ వచ్చే సోమవారం అని ఉంది. 

"సారు, ఆపరేషన్ ముచ్చట తెల్వంగనే నాకు చెప్పుండ్రి. మంచిదైనా చెడ్డదైనా దాసిపెట్టకుండ్రి. నేను రోజు ఆరింటికి సెట్టు ముంగటనే కూసుంట" అన్నాడు జలంధర్.

"చెబుతానయ్యా. దాచడానికి నాకేం పని" అన్నాను.

మర్నాడు బుధవారం. మధ్యాహ్నం నుంచి షమాల్ అనే ఇసక గాలి ఎత్తుకుంది. సాయంత్రానికి మా ఏరియల్ మధ్యకి విరిగి వంటశాల కప్పు మీద పడింది. ఆ ఏడాదిలో అది మూడోది. మూడూ ఒకే రకం, పద్దెనిమిది అడుగుల అల్యూమినియం గొట్టాలు. ఒకదానిలో ఒకటి దూర్చి మరలు బిగించినవి. ఆ అతుకు దగ్గరే విరిగేవి. ప్రతిసారీ పైపు ఎక్కినవాణ్ణి నేనే. రెండోసారి దిగుతూ చీలమండ మెలితిప్పుకున్నాను. నలభై ఏడేళ్ళ మనిషిని, గోదావరిలో ఈదడం తెలుసు కానీ కొబ్బరిచెట్టు ఎక్కడం నాకు ఎన్నడూ రాలేదు.

అమర్‌నాథ్ది అనంతపురం వైపు. విరిగిన ముక్కలు చూసి, "ఇదే ఆఖరు సామీ. ఈ తూరి ఇరిగితే మళ్ళీ నన్ను అడగొద్దు. గాలికి నిలబడేది చూసి తెచ్చుకో" అన్నాడు.

శుక్రవారం భూమేష్ క్వారీకి వెళ్ళి ఏరియల్ విరిగిందనీ, ఆదివారానికల్లా కొత్తది వేస్తామనీ జలంధర్‌కి చెప్పి వచ్చాడు. భూమేష్, జలంధర్ పక్కపక్క ఊళ్ళవాళ్ళు.

"ఆదివారం సంది కూసుంటనన్నడు సారు. పొడుగుదే తెండ్రి. గంత దూరం పొట్టిది పోదు" అన్నాడు నాతో.

డ్రైవరు నాకు ఏరియల్ గురించి చెప్పడమా అని మండింది.

శనివారం దోహా నగరం అల్ దోహా అల్ జదీదా పేటలో ఫసీయుద్దీన్ దుకాణానికి వెళ్ళాను. హైదరాబాద్ మనిషి, నెమ్మదస్తుడు. నా సణుగుడంతా విని మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది మాకు విరిగినలాంటి అల్యూమినియందే. రెండోది అంతే పొడుగు, కానీ ఫైబర్ గ్లాసుది, తేలిక. మూడోది స్టీలుది. ఎనిమిది అడుగులు కూడా ఉండదు. మొదలు దగ్గర బొటనవేలంత లావు, కింద గట్టి స్ప్రింగు. చేత్తో వంచి వదిలితే టప్పున లేచి నిలబడింది. చూడగానే నాకు నచ్చింది.

"రావ్ సాబ్, పొడుగుది దూరం పోతది. పొట్టిది గట్టిగుంటది. రెండూ ఒక్కదాంట్ల కావాలంటే మాఫీ, దొరకదు. మీ ఆఖరి ఆద్మీ ఎంత దూరముంటడు, అది చెప్పండి" అన్నాడు.

పద్దెనిమిది కిలోమీటర్లంటే పొడుగుదే అంటగడతాడు. "పదో పన్నెండో" అన్నాను.

అతను నా మొహం కేసి చూశాడు. "నన్నడిగితే ఫైబర్‌ది తీస్కపోండి. మూడు దిక్కులా నైలాన్ తాళ్ళు కట్టండి. ఎండకు రెండేళ్ళల్ల పైన పీచు లేస్తది, రంగు పూస్తే ఇంకొన్ని దినాలు ఆగుతది. వారానికోసారి పైకెక్కి తాళ్ళు బిగించాలె. అంతే పని."

అంతే పని. వారం వారం ఎక్కాలట. పైగా మా క్యాంప్‌లో తాడు కనబడితే చాలు లుంగీలు ఆరేస్తారు. రెండో ఏరియల్ అలాగే పోయింది. మూడు తాళ్ళకి ఇరవై రెండు తడిబట్టలు వేలాడదీస్తే పైపు వంగక ఏమవుతుంది. ఆ మాట అతనికి చెప్పి, నా చీలమండ సంగతి మాత్రం చెప్పకుండా, పొట్టిదే కట్టించుకుని వచ్చాను.

ఆదివారం బిగించాను. ఆరింటికి హాజరు. డ్రైవర్లందరూ గంటకొట్టినట్టు పలికారు. ఆఖరున "జలంధర్" అని పిలిచాను. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడుసార్లు పిలిచి, పుస్తకంలో అతని పేరు పక్కన 'లేదు' అని రాశాను. సోమవారం లేదు. మంగళవారం లేదు. పొట్టిది అందడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

"పొడుగుది తెమ్మన్న గద సారు" అన్నాడు భూమేష్.

"నోరు మూసుకుని పని చూసుకో" అన్నాను.

అమర్‌నాథ్‌ని అడిగితే, "ఒక్క మనిషి కోసరం బండి పంపల్లా? వచ్చే వారం శుక్రవారం టాంకర్ పోతాది కదా" అన్నాడు. ఇంకోసారి అడగవచ్చు. అడగలేదు. అడిగితే నేను తప్పు ఏరియల్ తెచ్చానని ఒప్పుకోవాలి.

గురువారం సాయంత్రం హాజరు మధ్యలో భూమేష్ సెట్టులో పిలిచాడు. అల్ వక్రాలో టాంకర్ ఆపి టెలిఫోన్ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేశాడట.

"సారు, గంగాబాయి లేదు. సోమారమే పానం పోయిందట. మత్తుల్నుంచి లేవనే లేదట."

నా నోరు దాని అలవాటు కొద్దీ అది తిరిగి చెప్పింది. "గంగాబాయి లేదు. సోమవారమే ప్రాణం పోయింది. మత్తులోంచి లేవలేదు."

అని, మైకు బటను మీద బొటనవేలు అలాగే ఉంచి కూర్చుండిపోయాను. నేను ఆమెని ఎన్నడూ చూడలేదు. అయినా రెండేళ్ళు ఆమె మాటలు పలికినవాణ్ణి నేను.

అమర్‌నాథ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "వానికి ఇప్పుడే చెప్పద్దు సామీ. పోతానంటాడు. క్వారీలో పెట్టేదానికి మనిషి లేడు, సెలవు మార్చి దాకా లేదు. తెలిసి మాత్రం వాడు ఏం చేస్తాడు, ఆ రాళ్ళలో కూర్చొని ఏడుస్తాడు" అన్నాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే హాయిగా తోచింది.

"భూమేష్, ఈ సంగతి జలంధర్‌కి ఎవరూ చెప్పొద్దు. వచ్చే వారం శుక్రవారం నేనూ నీతో వస్తాను. ఆపరేషన్ బాగా జరిగిందని చెబుదాం. మార్చిలో ఇంటికి వెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది. అందరూ విన్నారా?" అన్నాను మైకులో.

డ్రైవర్లు ఒకరి తరువాత ఒకరు విన్నామన్నారు. తరువాత, పుస్తకంలో వరస తప్పకూడదు కనుక, "జలంధర్" అని పిలిచాను. బుస్సుమంది. 'లేదు' అని రాశాను.

టాంకర్ వెళ్ళే శుక్రవారానికి ఇంకా ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ అలాగే పిలిచాను, అలాగే రాశాను.

టాంకర్‌లో వెళ్ళేసరికి పదకొండు అయింది. గాలి గట్టిగా ఉంది. జలంధర్ క్యాబిన్ బయటికి వచ్చాడు. దుమ్ముకి ఎప్పుడూ చుట్టుకునే రుమాలే తలకీ మొహానికీ చుట్టుకుని ఉన్నాడు. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. భూమేష్ అతని కేసి చూడకుండా నీళ్ళ పైపు విప్పే పనిలో పడ్డాడు. చెప్పవలసినవాణ్ణి నేనే.

"జలంధర్, ఆపరేషన్ బాగా జరిగిందయ్యా. గడ్డ తీసేశారట. ఇంకో పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచుతారట" అన్నాను.

"అట్లనా సారు" అన్నాడు. "అన్నం తింటున్నదా?" అని అడిగాడు.

"గంజి తాగుతోందట" అన్నాను. ఎవరూ అడక్కుండానే, "నిన్ను బెంగపెట్టుకోవద్దని చెప్పమందట" అని కూడా అన్నాను.

అతను తలూపి లోపలికి వెళ్ళి మూడు గ్లాసుల్లో పాలు లేని సులైమానీ చాయ్ తెచ్చాడు. క్యాబిన్ నీడలో కూర్చున్నాం. తాగడానికి రుమాలు విప్పాడు.

గుండు. మీసం కూడా లేదు. నెత్తి మీద నాలుగైదు చోట్ల గాట్లు ఎండి నల్లబడి ఉన్నాయి. భూమేష్ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"మొన్న బుధారం పదో దినమాయె సారు. నేనే గీక్కున్న. లోడరు అద్దంల సూసుకుంట గీక్కుంటే గట్ల తెగినయ్. బువ్వ వండి గా రాయి మీద పెట్టిన. ఈడ కాకి ఏడికెల్లి వస్తది? జరసేపు సూశిన. గాలికి ఇసుక కప్పుకపోయింది" అన్నాడు జలంధర్. ఆ రాయి వైపు చూపించాడు. అక్కడ ఏమీ లేదు.

మళ్ళీ అతనే అన్నాడు.

"కొత్త ఏరియల్ మంచిదే సారు. డ్రైవర్లయి ఇనరాలే గని మీయి మాత్రం ఒక్క మాట తెగలే."

అప్పుడు బుర్రకి ఎక్కింది. పాతికేళ్ళు కరెంటు పని చేసినవాణ్ణి, నాకు తట్టలేదు. నా రేడియో గది గోడకి ఆనుకుని జనరేటర్ ఉంది. దాని రొద అంతా నా సెట్టులోకి వస్తుంది. పొడుగు ఏరియల్ ఉన్నప్పుడు ఆ రొదని దాటుకుని జలంధర్ గొంతు నాకు చేరేది. పొట్టిదానికి ఆ బలం లేదు. ఆ బుస్సులో అతని గొంతు ములిగిపోయింది. క్వారీలో అయితే రొద చేసేది ఏదీ లేదు. నా మాట ఎంత సన్నగా వెళ్ళినా అక్కడ వినబడుతుంది. ఆ గురువారం దాకా నేను పిలిచిన ప్రతి రోజూ అతను పలికాడు. గంగాబాయి లేదని నా నోటితోనే విన్నాడు. ఎవరూ చెప్పొద్దని నేను అనడమూ విన్నాడు. ఆ వెంటనే నేను అతని పేరు పిలవడమూ విన్నాడు.

"మరి ఇందాక నేను చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావయ్యా?" అని అడిగాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

"మీరు గంత దూరం చెప్పనీకె వస్తిరి గద సారు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు.

భూమేష్ ఏడుస్తున్నాడు. జలంధర్ ఏడవలేదు. గ్లాసులో చాయ్ అయ్యేదాకా తాగి, నా వైపు తిరిగాడు.

"సారు, నేనన్న మాటలు ఒక్కటి గూడ మీకు ఇనరాలేదా?"

"లేదయ్యా. ఒట్టు. ఒక్కటి కూడా వినబడలేదు."

"గా గురువారం మిమ్ముల మస్తు తిట్టిన. బ్యాటరీ అయిపోయే దాంక తిట్టిన. మీ అమ్మను గూడ అన్న" అన్నాడు.

"వినబడలేదు జలంధర్."

"అయితె మంచిగనే అయింది" అని, ఖాళీ గ్లాసులు మూడూ తీసుకుని కడగడానికి లేచాడు.